హెచ్చరిక: నీళ్లలో కుంటి గుర్రం కుంటదు

వానలకు చెరువులు నిండాయి. మలక్‌పేటలో వానాకాలపు రేసులు నడిచే రోజులూ ఇవే. నేలంతా బురదైంది, దౌడు తీయించలేం, నాలుగు రోజులు ఈత కొట్టిస్తే దమ్ము తగ్గకుండా ఉంటుంది కదా అని గుర్రాలున్నవాళ్లకు అనిపించడం సహజం. ఆలోచనలో తప్పు లేదు, ప్రమాదమంతా తీరులో ఉంది. పశువైద్యుడిని అడగకుండా, అనుభవమున్న మనిషి పక్కన లేకుండా గుర్రాన్ని చెరువులోకో కాలవలోకో సముద్రంలోకో దించకండి. దించుతున్నవాళ్లు ఈరోజే ఆపండి.

ఈతకు ఊరికే పేరు రాలేదు. తుంటి ఎముక దాకా నీళ్లలో నిలబడితే గుర్రం కాళ్ల మీద పడే బరువు దాదాపు ముప్పాతిక వంతు తగ్గుతుంది. అర టన్ను జంతువుకు అదెంత సుఖమో చెప్పనక్కర్లేదు. అందుకే పెద్ద లాయాల్లో ఈత కొలనులు, నీళ్లలో నడిపించే ట్రెడ్‌మిల్లులు పెట్టుకుంటారు. మోసం కూడా ఆ సుఖంలోనే ఉంది. నేల మీద గుర్రం బాధ చాలావరకు బయటపడుతుంది. చెమట కక్కుతుంది, అడుగు తడబడుతుంది, ముందుకాలు నొప్పిగా ఉంటే ఆ కాలు మోపినప్పుడల్లా తల ఎగరేస్తుంది. నీళ్లలో చెమట కనబడదు. కుంటి గుర్రం కుంటదు. ఒడ్డున నిలబడి చూసేవాడికి హాయిగా ఈదుతున్నట్టే ఉంటుంది.

కాస్త దగ్గరికెళ్లి వినండి. గుర్రం నోటితో గాలి పీల్చలేదు, దానికున్న దారి ముక్కుపుటాలు మాత్రమే. అందుకే మెడ నిక్కించి, ముక్కు నీటికి పైన ఉంచుకోవడానికి తంటాలు పడుతుంది. నీళ్లు ఛాతీని అన్ని వైపులా నొక్కుతుంటే పీల్చిన గాలిని బిగబట్టి, మూలిగినట్టు ఒక్కసారిగా వదులుతుంది. ఆ మూలుగును హుషారు అనుకోవద్దు. ఊరికే నిలబడ్డప్పుడు నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకునే గుండె, గట్టిగా ఈదేటప్పుడు 150 దాటగలదు. ఊపిరితిత్తుల్లో సన్నటి రక్తనాళాలు చిట్లడం దౌడులోనే కాదు, ఈతలోనూ జరుగుతుంది. మెడ పైకెత్తి ఈదడం వల్ల నడుము కిందికి కుంగుతుంది కాబట్టి వెన్నునొప్పి ఉన్న గుర్రానికి ఈత మందు కాదు.

అసలు గండం ఒడ్డుకొచ్చాక ఉంది. కొన్ని వారాల ఈతతో గుండె, కండ గట్టిపడతాయి. ఎముక మాత్రం నేల దెబ్బ తింటేనే గట్టిపడుతుంది. కాలి స్నాయువులు బలపడాలంటే నెలలు పట్టొచ్చు. నెలరోజులు ఈదించి, దమ్ము బాగుంది కదా అని ఒకేసారి దౌడు తీయిస్తే, ఆ వేగానికి గుండె తట్టుకుంటుంది, కాలు తట్టుకోదు.

ఇంగ్లండులో పేరు పొందిన రెడ్ రమ్ అనే గుర్రం కథ చెప్పి వాదించేవాళ్లుంటారు. కాలి ఎముక జబ్బున్న ఆ గుర్రం సౌత్‌పోర్ట్ సముద్రతీరంలో తయారై 1973, 1974, 1977లలో గ్రాండ్ నేషనల్ పందెం గెలిచిన మాట నిజమే. అయితే దానికి పేరు తెచ్చిన సాధన ఇసుక మీద పరుగు, తీరంలో ఉప్పునీటి నడక. లోతు నీళ్లలో ఈత కాదు.

మన నీళ్లకు ఇంకో బెడద ఉంది. వేడి వాతావరణంలో నిలవ నీటిలో పిథియం అనే బూజులాంటి సూక్ష్మజీవి పెరుగుతుంది. కాలి మీద చిన్న గీత చాలు, అక్కడ అంటుకుంటుంది. పుండు వేగంగా పెరుగుతుంది, దురద భరించలేక గుర్రం దాన్ని తానే కొరుక్కుంటుంది. వానాకాలపు జబ్బని మన దేశంలో దీన్ని బర్సాతీ అనేవారు. పుండులోంచి రాలే గట్టి పలుకులను పశువైద్యులు ఇప్పటికీ కంకర్లనే అంటారు. తొలిదశలో కోసి తీసేస్తే బతికే అవకాశముంది, ఆలస్యమైతే చేయిదాటుతుంది. గాయమున్న గుర్రాన్ని చెరువు దరికి కూడా తీసుకెళ్లొద్దు.

వైద్యుడు సరేనన్నాక కూడా ఇవి తప్పనిసరి:

ముందు గట్టి నేల మీద చిన్న పరుగు తీయించి చూడండి. కుంటితే ఆరోజుకు ఈత లేదు.

జీను, తల పైకెత్తనివ్వని పట్టీ విప్పేయండి. తల కిందికి కట్టి ఉన్న గుర్రం ఈదలేదు, మునుగుతుంది.

మట్టి తవ్విన చెరువుల్లో గుంతలుంటాయి, పూడికలో కాళ్లు దిగబడతాయి. దిగితేగానీ లోతు తెలియదన్న మాట ఇక్కడ పనికిరాదు. తెలిశాకే దిగాలి.

పగ్గం చేతికి చుట్టుకోవద్దు. గుర్రానికి ఎదురుగా ఈదొద్దు, ముందుకాళ్ల దెబ్బకు మనిషి మిగలడు.

కొత్త గుర్రానికి మొదటిరోజు ఒక్క నిమిషం చాలు.

బయటికొచ్చాక దవడ ఎముక కింది అంచున వేళ్లు పెట్టి నాడి లెక్కపెట్టండి. పావుగంటకు కూడా 60 లోపు దిగకపోయినా, ముక్కులో రక్తపు చార కనిపించినా వెంటనే వైద్యుడిని పిలవండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య సేవ నంబరు 1962.

గాయం వల్లో జబ్బు వల్లో పనికి తగని జంతువు చేత పని చేయించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. అయితే నీళ్ల దగ్గర చట్టం కన్నా ముందుండేది గుర్రాన్ని చూసుకునే సైస్. పగ్గం అతని చేతిలో ఉంటుంది, మూలుగు మొదట వినేదీ అతనే. అందరికన్నా తక్కువ జీతం అతనిదే, అందరికన్నా తక్కువగా చెల్లేదీ అతని మాటే. యజమానులారా, ఈ వానాకాలం అతనికొక్క హక్కు ఇవ్వండి. ‘ఇవాళ వద్దు దొరా’ అని సైస్ అంటే ఎందుకని అడగకుండా గుర్రాన్ని లాయానికి తిప్పండి. నీళ్లు దాచేది అతని చేతికి తెలుస్తుంది.