తేలు మంత్రమూ – మెస్మర్ వైద్యమూ

మాది అంతర్వేది. వరిచేలూ కాస్త కొబ్బరితోటా ఉన్న రైతు కుటుంబం. మా వూళ్ళో తేలు కుడితే మంత్రం వేసే తాతగారొకరున్నారు. వేపమండతో పైనుంచి కిందికి నిమురుతూ ఏదో గొణుగుతారు. చిన్నప్పుడు నాకూ వేశారు. నిజం చెప్పొద్దూ, నొప్పి తగ్గింది! సైన్సు విద్యార్థివై ఉండి ఇవేం మాటలని మిత్రులు నవ్వవచ్చు. నవ్వే ముందు కాస్త చరిత్ర వినండి.

వియన్నాలో వైద్యం చదివిన మెస్మర్ 1778లో పారిస్ చేరాడు. ప్రాణుల శరీరాల్లో కంటికి కనబడని ద్రవమొకటి ప్రవహిస్తుందనీ, అది అడ్డుపడితే రోగమనీ, చేతులతో నిమిరి దాన్ని సరిచేస్తాననీ అన్నాడు. దానికి 'జంతు అయస్కాంతత్వం' అని పేరు పెట్టాడు. జనం విరగబడ్డారు. 1784లో ఫ్రెంచి ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. మన కెమిస్ట్రీ పుస్తకాల్లోని లావోయిజర్, అమెరికా రాయబారి ఫ్రాంక్లిన్ అందులో సభ్యులు. ఫ్రాంక్లిన్ తోటలో ఒకే ఒక చెట్టుకు 'శక్తి' ఎక్కించి, ఒక కుర్రాడికి కళ్ళగంతలు కట్టి చెట్టుచెట్టుకూ తిప్పారు. వాడు కాస్తా శక్తి లేని చెట్టు దగ్గరే మూర్ఛపోయాడు! ద్రవమనేది లేదు, పనిచేసింది ఊహేనని సంఘం తేల్చింది.

కథ అంతటితో కంచికి చేరలేదు. 1845లో బెంగాలులోని హుగ్లీలో ఎస్డేల్ అనే కంపెనీ డాక్టరు రోగులను ఇలాగే నిమిరించి, మగతలోకి దింపి ఆపరేషన్లు చేశాడు. వారిలో చాలామంది వరిబీజంతో, బోదవ్యాధి గడ్డలతో బాధపడేవారు. బోదకాలు ఎరగని కోనసీమవాడెవడు? 1846లో కలకత్తాలో ఆయనకు ప్రత్యేకంగా ఆసుపత్రే ఇచ్చారు. అదే ఏడు అమెరికాలో ఈథరు, మరుసటి ఏడు స్కాట్లండులో క్లోరోఫారం వచ్చేసరికి ఈ పద్ధతి వెనకబడింది.

ఇందులో నాకు తోచింది ఒక్కటే. నమ్మకానికి నొప్పిని మరిపించే శక్తి ఉంది. కాదనడం సైన్సు కాదు. కాని గడ్డను తీసింది మాత్రం కత్తే.

ఈ తేడా తెలియకే నిరుడు కోతల్లో మా నాన్నకు పురుగు ముట్టినప్పుడు గంటన్నర వేపమండల దగ్గర కూర్చున్నాం. విషం ఎక్కని కాట్లూ ఉంటాయి, విషం లేని పాములూ ఉంటాయి. అప్పుడు పేరు మంత్రానికి వస్తుంది. నాన్నది అలాంటి కాటు కాదు. రెప్పలు వాలిపోయాక ఆసుపత్రికి పరుగెత్తాం. విషం విరుగుడు ఇంజెక్షన్లతో బతికాడు. మరో అరగంట ఆలస్యమైతే? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మంత్రం వేసేవారిని వెక్కిరిస్తే వూరు మన మాట వినదు. పల్లెల నుంచి వచ్చిన మనమే మర్యాదగా చెప్పాలి: "తాతగారూ, ముందు ఆటో ఎక్కండి. మంత్రం దారిలో వేద్దురుగాని!"