మోటారు పందెములను కన్నులారా చూచుట

మోటారు పందెములయందు మక్కువ గలవారమని మేము చెప్పుకొన్నప్పుడెల్ల పెద్దలు రెండు ప్రశ్నలు వేయుచుందురు. ఒకే దారిలో గుండ్రముగా తిరుగు బండ్లలో చూచుటకేమున్నది? ఉన్నను, ఇంట కూర్చుండి తెరపై చూడరాదా? కొరింథీయులకు వ్రాయుచు పౌలు పరుగుపందెమును ఉపమానముగా గైకొనెను గనుక పందెములను చూచుట బొత్తిగా వ్యర్థము కాదని మా నమ్మకము. అయినను ఆ మాటతో పెద్దల నోరు మూయింపము. మాకు తోచిన సమాధానమును విన్నవించుకొందుము. వారు వేయని మూడవ ప్రశ్న యొకటి కలదు. దానిని మాకు మేమే వేసికొనుచున్నాము.

2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగరపు టొడ్డున ఫార్ములా ఈ పందెము జరిగెను. విద్యుత్తుతో నడచు ఆ బండ్లు భారతదేశమున పందెమాడుట అదియే మొదలు. దినదినము బస్సులును ఆటోలును కిక్కిరిసిపోవు దారులకే ఇరుప్రక్కల కాంక్రీటు గోడలు నిలిపి, వానిపై ఇనుప వలలు గట్టి, 2.8 కిలోమీటర్ల చుట్టుదారి గావించిరి. బండ్లు 22. మేము ఒక ఇరుకు మలుపు చెంత దినమంతయు కూర్చుంటిమి.

తెరపై చూచువానికి పందెమంతయు కనబడును. అక్కడ కూర్చున్నవానికి ఒక మూలయే కనబడును. ఈ లోపమునే మేము లాభముగా నెంచుచున్నాము. ఉదయపు సాధనవేళ దారిపై ధూళి యుండును. బండ్లు తిరిగినకొలది టైర్ల రబ్బరు దారికంటుకొని పట్టు పెరుగును. ఉదయమున గోడకు మూరెడు దూరమున పోయిన చోదకుడు మధ్యాహ్నమునకు జానెడు దూరమున పోవును. ఆ మూరకును జానకును నడుమనున్నదే అతని విద్య. కెమెరా బండితోపాటు తిరుగును గాన తెరపై వేగము సగము చచ్చిపోవును. ఒకచోట కదలక కూర్చున్న కంటికే వేగమన నెట్టిదో తెలియును. చమురు బండ్ల గర్జన లేదని తొలుత మేమును చిన్నబోతిమి. కాని ఆ గర్జన లేకుండుటచేతనే టైర్ల యొరపిడి చెవికి స్పష్టముగా వినవచ్చెను.

ఈ పందెమున వేగము ఒక్కటియే చాలదు. బ్యాటరీలోని శక్తికి మితి కలదు. వేగము తగ్గించునప్పుడు కొంత శక్తి తిరిగి విద్యుత్తై బ్యాటరీకి చేరును. ముందే దుబారా చేసినవాడు తుదను చేతులు ముడుచుకొనవలసినదే. ఆనాడు ఫ్రెంచి చోదకుడు జా ఎరిక్ వెర్న్, వెన్నంటి తరుముచున్న నిక్ కాసిడీని తుదివరకు ఆపి, అర సెకనుకంటె తక్కువ తేడాతో నెగ్గెను. మూడవవాడుగా గీత దాటిన బుయెమీకి శక్తిని మితిమీరి వాడినందుకు దండన విధింపగా ఆ స్థానము ద కోస్టాకు దక్కెను. మన పాఠశాల ఆటలపోటీలలో తీర్పరులపై గొణుగువారు దీనిని గమనింతురు గాక.

ఇక మూడవ ప్రశ్న. అందరికంటె ముందునుండి బయలుదేరిన మిచ్ ఎవాన్స్‌ను, ఆయన జట్టువాడేయగు శామ్ బర్డ్ మేమున్న మలుపుననే ఢీకొనెను. ఇరువురి పందెమును అంతటితో ముగిసెను. గుంపుతోపాటు మేమును లేచి కేకవేసితిమి. ఎవరికేమైనదో తెలియకమునుపే వేసితిమి. ఎవరికిని గాయము లేదు. ఆ కేకకు మాత్రము మేము నేటికిని సిగ్గుపడుచున్నాము. అన్యుని అపాయము మనకు వినోదమగుట ధర్మమేనా?

1955లో ల మాన్‌లో ఒక బండి ఎగిరి జనులమీద పడగా ఎనుబదిమందికి పైగా ప్రేక్షకులు మరణించిరి. అప్పటికిని పందెము నాపలేదు. ఆ వృత్తాంతము చదివినపుడు ఈ ఆటయే వలదనిపించును. స్విట్జర్లాండు చుట్టుదారి పందెములను నిషేధించెను. కాని ఆట అచ్చటనే నిలిచిపోలేదు. 2018లో ఫార్ములా వన్ బండ్లకు చోదకుని తలచుట్టు హాలో అను లోహపు కమ్మిని తప్పనిసరి చేసిరి. బండి అందము చెడినదని గొణిగినవారిలో మేమును ఉంటిమి. దానిని మొదట వలదన్న చోదకుడు రొమాన్ గ్రోజాన్ బండి 2020లో బహ్రెయినులో ఇనుప కంచెలో దూరి, రెండు తునకలై మండెను. ఆయన అరనిమిషము లోపల ఆ మంటలనుండి, చేతులు కాలినను, తానే వెలికి వచ్చెను. తన ప్రాణము నిలిపినది ఆ కమ్మియేయని ఆయన యొప్పుకొనెను. ఇట్లు తన తప్పును తాను దిద్దుకొనుచున్నంతకాలము ఈ ఆటను చూడవచ్చునని మా యభిప్రాయము. బండ్లు విరుగుటను చూడగోరి వచ్చువాడు మాత్రము మా ప్రక్కన కూర్చుండకుండుట మేలు.

హైదరాబాదున 2024లో జరుగవలసిన పందెము రద్దయ్యెను. కావున చూడదలచు విద్యార్థులు మదరాసు చెంతనున్న ఇరుంగాట్టుకోట్టైకి పోవలెను. పూర్వము షోళవరమున, యుద్ధకాలపు విమానముల దారిపై, ఎండలో నిలిచి చూచిన పెద్దలు మన తెలుగువారిలోను కలరు. వారి నడిగిన, తెల్లవారుజామున బయలుదేరవలెననియు, చెవులకు దూదియు, రెండు పొట్లముల పులిహోరయు మరువరాదనియు చెప్పుదురు.