అమ్మకపోవడం వేరు, సాకడం వేరు

"ముసలి పశువును మేం అమ్మం" అని చెప్పుకోవడం మన పల్లెల్లో ఒక గొప్ప. నేనూ ఆ మాటకు వ్యతిరేకిని కాదు. కానీ ఆ మాట అరుగు మీద కూర్చుని చెప్పేది ఒకరు, ఆ పశువు కింద పేడ తీసేది మరొకరు. ఆ మరొకరు ఎవరో మీకు చెప్పక్కర్లేదు. ఈరోజు నా గొడవంతా దాని గురించే.

మా భీముడు ఒంగోలు జాతి ఆంబోతు. పద్నాలుగేళ్ళు నిండాయి. పదకొండు ఆవులున్న మా చిన్న కొట్టానికి ఇన్నాళ్ళూ విత్తనపు ఆంబోతు వాడే. ఇప్పుడు వెనక కుడికాలి కీలు అరిగిపోయి కాలు ఈడుస్తున్నాడు. ఆవు మీదికి ఎక్కాలంటే ఒంటి బరువంతా వెనక కాళ్ళ మీద ఆగాలి. వెనక కాలు పోయిందంటే ఆంబోతుకు ఉద్యోగం పోయినట్టే. మా ఆవులకు ఇప్పుడు సూదులే వేయిస్తున్నాం.

అమ్మెయ్యమన్నవాళ్ళతో నాకు పెద్ద పేచీ లేదు. వాళ్ళు లెక్క మాట్లాడుతున్నారు. నా జవాబు కూడా సూటిగానే ఉంటుంది: అర టన్ను బరువున్న కుంటి జీవం లారీలో నిలబడలేదు. పడితే మిగతావి తొక్కేస్తాయి. ప్రయాణానికి తగినదని పశువైద్యుడి పత్రం లేకుండా లారీ ఎక్కించకూడదని 1978 నాటి నియమాలే ఉన్నాయి. సంతలో వాటిని ఎవరు చూస్తున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి అమ్మం. అంతవరకు సరే.

నాకు ఒళ్ళు మండేది "నందీశ్వరుడమ్మా, మీకెంత పుణ్యమో" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే. ఉంచుకోవాలన్న నిర్ణయానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ తర్వాత పనికి రోజూ ఎంతసేపు పడుతుందో ఒక్కరూ అడగరు.

పశువు లేచేటప్పుడు ముందు వెనక కాళ్ళు లేపుతుంది, గుర్రంలా ముందు కాళ్ళు కాదు. అంటే భీముడు లేచిన ప్రతిసారీ బరువంతా ముందుగా ఆ నొప్పి కాలి మీదే పడుతుంది. సిమెంటు గచ్చు మీద అది జారిందా, ఇక లేవడు. అందుకే వాడి చోట గచ్చు తీయించి మట్టి, ఇసుక పోయించి, పైన వరిగడ్డి పరుస్తున్నాం. ఆ గడ్డి తడిసిపోతుంది, రోజూ మార్చాలి. ఒకే పక్క మీద గంటల తరబడి పడుకుంటే కింది కాలి కండరం నలిగిపోతుంది, చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది, ఈగ వాలితే పురుగులు. ఇద్దరు కలిసి పక్క మార్చాలి. కుంటి కాలు నేల మీద సరిగా ఆనదు, ఆనని కాలి గిట్ట అరగదు, పెరిగిపోయి కాలును ఇంకా వంకర తిప్పుతుంది. కొన్ని నెలలకోసారి గిట్టలు చెక్కించాలి. తొట్టి దాకా నడవలేడు కాబట్టి నీళ్ళు బకెట్లతో మొయ్యాలి. నొప్పితో ఉన్న ఆంబోతు ఎంత మంచివాడైనా తల విసురుతాడు. వాడికీ గోడకీ మధ్యన నిలబడకూడదని మా పిల్లలకు వందసార్లు చెప్పాను.

పుణ్యం వాళ్ళు చేసే సాయం ఇంకో రకం. కనుమనాడు బిందెడు పరమాన్నం తెచ్చి పెడతారు. అన్నం, బెల్లం అలా ఒక్కసారిగా పడితే పశువు కడుపు పులిసిపోతుంది. దాని దెబ్బ గిట్టల మీద కూడా పడుతుంది. అసలే కుంటివాడికి! ప్రేమ కొద్దీ తెలగపిండి దండిగా పెట్టి బరువు పెంచడమూ అంతే, ఆ బరువు మోయాల్సింది అరిగిన కీలే కదా. వద్దంటే నాకు భక్తి లేదంటారు.

నొప్పి మందు సంగతి కూడా చెప్పాలి. "కాంపౌండర్ని పిలిచి ఓ డైక్లోఫెనాక్ పొడిపించండి" అనేది ఇప్పటికీ వింటున్నాను. పశువులకు ఆ మందును మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చచ్చాయి. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ కూడా ఆపేశారు. మెలాక్సికామ్ ఉంది, అది కూడా డాక్టరు చూసి ఇవ్వాల్సిందే. 1962కి ఫోన్ చేస్తే పశువుల వైద్య వాహనం వస్తుంది. చవగ్గా దొరికే సూదితో నోరు లేని జీవం మూలుగు ఆపి, దాన్ని సేవ అనుకోకండి.

"అచ్చోసిన ఆంబోతు" అని పనీపాటా లేకుండా తిరిగే మగవాళ్ళను తిడతాం. ఆ మాట వెనక ఒక ఏర్పాటు ఉంది. దేవుడి పేర అచ్చు వేసి వదిలిన ఆంబోతును ఊరంతా మేపేది. ఎవరి చేలో మేసినా అదిలించేవాళ్ళే తప్ప కొట్టేవాళ్ళు కాదు. ఊరి ఆవులకు అది పనికొచ్చేది కాబట్టి దాని తిండి ఊరిదే. ఇప్పుడు ఆ పంపకం పోయింది, దణ్ణం మాత్రం మిగిలింది. భీముడి దూడలు ఊళ్ళో సగం కొట్టాల్లో ఉన్నాయి. బండలాగుడు పోటీల్లో వాడి కొడుకులు గెలిస్తే పక్కన నిలబడి ఫోటోలు దిగారు. వాడి కాలు పడ్డాక ఒక్క మోపు చొప్ప ఎవరింటి నుంచీ రాలేదు.

మీ ఇంట్లో పశువులు లేకపోవచ్చు. అయినా ఈ వరస మీకు కొత్త కాదు. "మా అమ్మను ఆశ్రమంలో పెట్టే ప్రసక్తే లేదు" అని చుట్టాల ముందు చెప్పే కొడుకును మీరు చూసే ఉంటారు. తుంటి విరిగి మంచాన పడ్డ ఆ అమ్మకు రాత్రి రెండు గంటలకు పక్క మార్చేదెవరు? మంచి పేరు ఆయనకు, నడుం నొప్పి కోడలికి. పైగా కోడలు ఒకరోజు విసుక్కుంటే అదే పెద్ద వార్త.

గోశాలకు ఇవ్వొచ్చుగా అంటారు కొందరు. బాగా నడిపేవీ ఉంటాయి, కాదనను. కానీ పెద్ద మందలో కుంటిది గాడి దాకా చేరలేదు, బలమున్నవి పొడిచి తోసేస్తాయి. కంటికి కనపడకుండా చేసుకోవడానికైతే నేను ఒప్పుకోను.

అందుకని పండక్కి ముందు మా ఇంట్లో పంచాయితీ పెట్టాను. అమ్మం అన్నవాళ్ళందరూ పనిలోకి రావాలన్నాను. ఇప్పుడు పొద్దున గడ్డి తీసి పరిచేది మా ఆయన. సాయంత్రం గిట్ట కడిగి వేపనూనె రాసేది మా అబ్బాయి. పక్క తిప్పడానికి ఇద్దరూ రావాల్సిందే. మా మామగారు మోయలేరు కాబట్టి ఆయన మేత ఎంత తిన్నాడు, ఎన్నిసార్లు లేచాడు అని పుస్తకంలో రాస్తున్నారు. ఆ పుస్తకం డాక్టరుకు బాగా పనికొస్తోంది. నా వంతు మధ్యాహ్నం నీళ్ళు, అంతే. ఎప్పుడైనా వాడు లేవలేని రోజు వస్తే, నొప్పి ఇక తగ్గదని డాక్టరు చెబితే, ఏం చెయ్యాలో కూడా అప్పుడే మాట్లాడుకున్నాం. ఆ మాట దగ్గర మా మామగారు చాలాసేపు పలకలేదు. తర్వాత, "ఆ రోజు నేను కూడా వాడి దగ్గరే ఉంటా" అన్నారు.