నొప్పి లేదు గద!

సినిమా కబుర్ల మధ్య ఈ కూరగాయల గోలేమిటని విసుక్కోకండి! కొత్త సంవత్సరం మొదటి ఆదివారం సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కి వెళ్లాను. పుచ్చు ఉందేమోనని వంకాయల్ని ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాను. ఎప్పుడూ నాకు ఆకుకూరలిచ్చే అక్క గొంతు తగ్గించి, "చెల్లె, రొమ్ముల చిన్న గడ్డ తాకుతున్నది. నొప్పి లేదు గద... సంక్రాంతి గిరాకి అయినంక చూపిచ్చుకుంట" అంది.

చిక్కంతా అక్కడే! రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదు. అలాగని ప్రతి గడ్డా క్యాన్సరూ కాదు. అదేమిటో డాక్టరు పరీక్ష చేస్తేనే తేలుతుంది.

'మిర్చి', 'అత్తారింటికి దారేది' చిత్రాల్లో కనిపించిన హంసానందిని గుర్తుందిగా? 2021లో చేతికి చిన్న గడ్డ తగలగానే, కొన్ని గంటల్లోనే మామోగ్రఫీ కేంద్రానికి వెళ్లారావిడ. క్యాన్సరని తేలింది. ఆపరేషన్, కీమోథెరపీ... 2022లో మళ్లీ షూటింగ్! తల్లిని క్యాన్సర్‌కే పోగొట్టుకున్న మనిషి కదా, ఆలస్యం విలువ ఆవిడకి తెలుసు.

ఇదంతా అక్కకి చెప్పాను. "మరి దుకాణమెవరు చూస్తరు?" అంది.

సోమవారం నేనే కూర్చున్నాను. ధరలు తెలియక రెండు కట్టల కొత్తిమీర ఉత్తినే ఇచ్చేశాననుకోండి! అక్క మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. రిపోర్టు గురువారం ఇస్తారట.