ఆయాసం చెప్పుకునే హక్కు

"మెట్లెక్కితే ఆయాసం వస్తోంది" అని ఆడమనిషి చెబితే మన ఇళ్లల్లో వచ్చే మొదటి జవాబు "రక్తం తక్కువై ఉంటుందిలే" అని. ఆసుపత్రిలోనూ తరచుగా అంతే. టానిక్ రాసిస్తారు, లావు తగ్గమంటారు, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని అడుగుతారు. మనలో రక్తహీనత ఎక్కువే, కాదనను. కాని ప్రతి ఆయాసమూ రక్తహీనత కాదు. ఊపిరితిత్తుల రక్తనాళాలు ఇరుకై, వాటిలో ఒత్తిడి పెరిగి, గుండె కుడిభాగం అలిసిపోయే జబ్బొకటుంది. పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీలో ఇది కనబడదు. ఎవరో ఒకరు అనుమానించి ఎకో తీయించాలి. కారణం తెలియకుండా వచ్చే రకం మగవాళ్లలోకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. చిన్నతనంలో కీళ్లవాత జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతిన్నవాళ్లకూ ఇది రావచ్చు.

పొగ సంగతి కూడా చెప్పుకోవాలి. సిగరెట్టు ముట్టని ఆడవాళ్లలో ఊపిరితిత్తుల జబ్బు ముదిరి గుండె కుడిభాగం దెబ్బతినడాన్ని 1950లలోనే ఢిల్లీలో డాక్టర్ ఎస్. పద్మావతి గమనించి, వంటింటి పొగవైపు వేలు చూపారు. 2016లో ఉజ్వల పథకం కింద గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలైంది. రెండో సిలిండరుకు డబ్బుల్లేక మళ్లీ కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లను మీరూ చూసే ఉంటారు.

జబ్బు బయటపడ్డాక రోగి ప్రాణం చాలావరకు నర్సు చేతిలో ఉంటుంది. డాక్టరు రౌండ్‌కొచ్చి రెండు నిమిషాలు నిలబడతారు. రోజూ ఒకే వేళకు బరువు చూసి, రెండు రోజుల్లో పెరిగితే అది కండ కాదు, నీరు అని కనిపెట్టేది నర్సు. ఉప్పు ఎందుకు తగ్గించాలో, మలబద్ధకంతో ముక్కితే స్పృహ ఎలా తప్పవచ్చో చెప్పేది ఆమే. ఈ జబ్బుకు వాడే సిల్డెనాఫిల్‌కు "మగవాళ్ల మాత్ర" అని పేరుపడింది. చీటీ పట్టుకుని మందుల షాపుకెళ్లిన ఆడపిల్లను చూసి నవ్వేవాళ్లున్నారు. ఆ సిగ్గుతో మాత్ర మానేస్తే జబ్బు ఒక్కసారిగా తిరగబెట్టవచ్చు. దానితోపాటు గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఇవన్నీ డిశ్చార్జి కాగితం మీద ఇంగ్లీషులో గీకి పంపేస్తే సరిపోతుందా? పక్కన కూర్చుని తెలుగులో చెప్పాలి. ఆమెకే చెప్పాలి, వెంట వచ్చిన మగమనిషికి కాదు.

అన్నిటికన్నా కష్టమైన మాట గర్భం గురించి. ఈ జబ్బు ఉన్న స్త్రీకి గర్భం ప్రాణాంతకం కావచ్చు. కాన్పు దాటాక కూడా కొన్ని వారాలు గండమే. బోసెంటాన్ వాడితే కడుపులో బిడ్డకు హాని, పైగా ఆ మందు గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. "ఒక్క పిల్లనైనా కనకపోతే ఎలా?" అనే అత్తగారి ముందు ఈ విషయం కోడలు ఎలా చెప్పగలదు? ఆమెను విడిగా కూర్చోబెట్టి మాట్లాడే చోటు వార్డులో ఉండాలి. గర్భం తీయించుకోవాల్సివస్తే 1971 నాటి చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు, భర్త సంతకం అక్కరలేదు. అయినా అడిగే ఆసుపత్రులు ఇప్పటికీ ఉన్నాయి.

మరి ఇంత పని ఏ నర్సు చెయ్యగలదు? మామూలు ఆసుపత్రి వార్డులో ఐదుగురు రోగులకొక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికొకరు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి డ్యూటీలో వార్డంతా ఒక్కతే తిరిగే సిస్టర్‌ను ఈ లెక్క గురించి అడగండి, నవ్వుతుంది. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద వేసిన కమిటీ, యాభై పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదంది. సిఫార్సును అమలు చేయించే పని రాష్ట్రాలకు వదిలేశారు. సేవ, త్యాగం, తెల్ల చీర అంటూ పొగుడుతూనే జీతం దగ్గరకొచ్చేసరికి గొంతు మారుస్తారు. రోగి హక్కు గురించి మాట్లాడే మన సంఘాలు కూడా నర్సుల ధర్నాల్లో కనబడింది తక్కువ. నాకిది సరిగా అనిపించదు.

మీ మండలంలోని ఆసుపత్రిలో రాత్రిపూట ఒక నర్సు ఎంతమందిని చూస్తోందో, అక్కడ ఎకో తీసే వీలుందో లేదో, లేకపోతే ఎంత దూరం పంపుతున్నారో కనుక్కుని రాయండి. నర్సుల పేర్లు వద్దు, వాళ్ల ఉద్యోగాలకు ముప్పు. వచ్చినవన్నీ వచ్చే సంచికలో జిల్లాలవారీగా వేస్తాం.