గేజీ అబద్ధమాడితే?

మన సాఫ్టువేరోళ్ళకి ఒక జబ్బుంది. తెరమీద పచ్చలైటు కనబడితే లోకమంతా పచ్చగా ఉందనుకుంటాం. సర్వరు పడిపోతే రీస్టార్టు చేస్తాం, రిలీజు తన్నేస్తే రోల్‌బ్యాకు చేస్తాం. చేసిన పాపం ఒక్క కమాండుతో కడుక్కుపోతుంది గనక, జబ్బు ఎంత ముదిరినా మనకి నొప్పి తెలీదు. ఇప్పుడా జబ్బుని తీసుకెళ్ళి ఫ్యాక్టరీలకి అంటిస్తున్నాం, "స్మార్ట్ ట్యాంక్" అని పేరుపెట్టి. నా గొడవంతా దాని గురించే.

నేనుండేది శంషాబాద్ పక్కన. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు ఇక్కడికి వచ్చింది మొదలు ఈ చుట్టుపక్కల ఎవర్ని కదిపినా గజం ధర తప్ప ఇంకో మాట లేదు. "ఎయిర్‌పోర్టుకి పది నిమిషాలు సార్" అని బ్రోచరు చేతిలో పెడతారు. విమానం మంచినీళ్ళతో ఎగరదు కదా! దానికి కావలసిన ఏటీఎఫ్ ఎక్కడో ట్యాంకుల్లో ఉండాలి, అక్కణ్ణుంచి విమానం దాకా రావాలి. ఆ ట్యాంకులు ఏ బ్రోచర్లోనూ ఉండవు. ఇవి చాలవన్నట్టు కొత్తూరు, నందిగామ, షాద్‌నగర్ దారిలో ఎన్ని ఫ్యాక్టరీలు, ఎన్ని గోడౌన్లు! ఇంకో సంగతి. "మాది క్లౌడండీ, మాకూ ట్యాంకులకీ ఏం సంబంధం?" అనే మిత్రులకి చెప్తున్నా. చందనవెల్లిలో, మీర్ఖాన్‌పేటలో కట్టిన డేటా సెంటర్లకి కరెంటు పోతే నడిచేది జెనరేటర్లు. జెనరేటర్లు తాగేది డీజిలు. మీ క్లౌడు కింద కూడా ట్యాంకే ఉంది.

ట్యాంకంటే మేడమీది సింటెక్స్ డ్రమ్ముకి అన్నయ్య అనుకుంటే పొరపాటే. అది ఊపిరి పీలుస్తుంది. నింపుతుంటే లోపలి ఆవిరి బయటికి పోవాలి, తోడుతుంటే బయటి గాలి లోపలికి రావాలి. రంగులేసేటప్పుడు ఆ వెంటు మీద పాలిథీన్ కవరు కట్టేసి, అది తియ్యడం మర్చిపోయి పంపు వేసిన మహానుభావులు ప్రపంచమంతా ఉన్నారు. అప్పుడు ఇనుప ట్యాంకు కూడా చిన్నపిల్లాడు స్ట్రా వేసి పీల్చేసిన ఫ్రూటీ డబ్బాలా లోపలికి నొక్కుకుపోతుంది.

నాకు బాగా నచ్చేది పైకప్పు సంగతి. మామూలు ఉష్ణోగ్రతలో నూనె నిలవుంచే పెద్ద స్థూపాకారపు ట్యాంకుల్లో చాలావాటికి కప్పునీ గోడనీ కలిపే వెల్డింగుని కావాలనే బలహీనంగా డిజైన్ చేస్తారు. లోపల మంటంటుకుని ఒత్తిడి పెరిగితే ముందు కప్పు లేవాలి. కప్పు లేవకపోతే గోడ అడుగున చిరుగుతుంది, లక్షల లీటర్ల నూనె ఒక్కసారిగా బయట పడుతుంది. అంటే, "ఇది ఏదో ఒకరోజు చెడుతుంది, చెడితే ఎలా చెడాలి?" అన్నది కట్టకముందే ఆలోచించి పెట్టారన్నమాట. చుట్టూ డైకు గోడ ఎందుకు? లోపలున్న ట్యాంకుల్లో అన్నిటికన్నా పెద్దది మొత్తం కారిపోయినా ఆ గోడల మధ్యే నిలవాలని. నూనె పోసేముందు నీళ్ళు నింపి పరీక్షిస్తారు. నీళ్ళు ఏటీఎఫ్ కన్నా బరువు గనక, అప్పుడు నిలబడ్డ గోడ రేపు నూనెకీ నిలబడుతుంది. గమనించారా, వీటిలో దేనికీ కరెంటక్కర్లేదు, నెట్‌వర్కక్కర్లేదు, పాస్‌వర్డక్కర్లేదు. అర్ధరాత్రి ఆపరేటరు కునుకు తీసినా అవి వాటి పని చేస్తాయి.

మన ఎండల సంగతి కూడా చెప్పుకోవాలి. ఏటీఎఫ్ ఫ్లాష్ పాయింటు కనీసం 38 డిగ్రీలుండాలి. అందుకే పెట్రోలుతో పోలిస్తే అది సాధువు కింద లెక్క. కానీ మే నెలలో హైదరాబాదులో 40 దాటిన మధ్యాహ్నాలు మనకి కొత్తా? లెక్కలోకొచ్చేది గాలి వేడి కాదు, నూనె వేడి, నిజమే. ట్యాంకులకి తెల్లరంగు వేసేదీ అందుకే. కానీ చలిదేశపు పుస్తకంలో "సాధారణ ఉష్ణోగ్రతలో నిప్పంటుకోదు" అని రాస్తే, ఆ సాధారణం వాళ్ళ సాధారణం. శంషాబాద్ ఎండ వాళ్ళకేం తెలుసు!

సరే, జబ్బు దగ్గరికొస్తా. ఇంగ్లండులో బన్స్‌ఫీల్డ్ అని ఒక చమురు డిపో. హీత్రూ విమానాశ్రయానికీ అక్కణ్ణుంచి ఇంధనం వెళ్ళేది. 2005 డిసెంబరు 10 రాత్రి 912వ నంబరు ట్యాంకులోకి పైపులైను నుంచి పెట్రోలు వస్తోంది. తెల్లవారుజామున 3 గంటలప్పుడు లెవెల్ గేజీ ఇరుక్కుపోయింది. ట్యాంకు నిండుతూనే ఉంది, తెరమీద అంకె మాత్రం కదల్లేదు. అలారాలన్నీ ఆ గేజీ చెప్పే అంకె మీదే ఆధారపడ్డాయి కాబట్టి ఒక్కటీ మోగలేదు. గేజీతో సంబంధం లేకుండా పనిచెయ్యాల్సిన హైలెవెల్ స్విచ్చి ఒకటుంది. దాని టెస్టు మీటకి ఒక చిన్న తాళంకప్ప వెయ్యాలి, లేకపోతే స్విచ్చి పనిచేసే స్థితిలో నిలబడదు. ఆ తాళంకప్ప వెయ్యలేదు, అది ఎందుకో అక్కడ ఎవరికీ తెలీదు. 5:37కి పెట్రోలు కప్పు మీంచి పొంగింది, 6:01కి పేలింది. ఆదివారం పొద్దున్నే కాబట్టి ఎవరూ చావలేదు, 43 మందికి గాయాలయ్యాయి.

ఇందులో మనం సిగ్గుపడాల్సిన ముక్క ఇంకోటుంది. ఆ గేజీ అంతకుముందు మూడునెలల పైచిలుకులో 14 సార్లు ఇరుక్కుంది. ఇరుక్కోవడం, బాగుచెయ్యడం, మళ్ళీ ఇరుక్కోవడం. మన భాషలో చెప్పాలంటే టికెట్టు క్లోజ్ చేసి మళ్ళీ తెరవడం. పైగా కంట్రోల్ రూములో ఇన్ని ట్యాంకులకీ కలిపి ఒకటే తెర. ఒక విండో మీద ఇంకో విండో. ఆ రాత్రి 912 విండో నాలుగైదు విండోల వెనక ఉండిపోయి ఉండొచ్చని విచారణలో తేలింది. ఆ యూఐ రాసినవాడు మనలాంటివాడే కదా!

"అది సీమదొరల సంగతి, మనకెందుకు" అనకండి. నాలుగేళ్ళకి, 2009 అక్టోబరు 29న, జైపూర్ సీతాపురాలో ఐఓసీ టెర్మినల్లో పెట్రోలు గంటంబావు సేపు కారి ఆవిరై పేలింది. 11 మంది చనిపోయారు, ట్యాంకులు 11 రోజులు కాలాయి. వాల్వుని కంట్రోల్ రూము నుంచి మూసే ఏర్పాటు ఏళ్ళ తరబడి పనిచెయ్యడం లేదు. మూయడానికి ఆవిరిలోకి నడిచి వెళ్ళాల్సిందే.

ఇప్పుడు మా వృత్తిధర్మం వినండి. రెండేళ్ళ క్రితం శంషాబాద్ వైపే ఒక మీటింగు. కంపెనీ పేరు చెప్పను. సాల్వెంట్ ట్యాంకులకి రాడార్ గేజీలు, వాటిమీద మా మానిటరింగు సాఫ్టువేరు. కొటేషన్లో ట్యాంకుకొక విడి హైలెవెల్ స్విచ్చి కూడా ఉంది. కొనే కంపెనీ మేనేజరుగారు ఆ లైను మీద పెన్ను పెట్టి, "90 శాతం దగ్గర గేజీ అలారమిస్తుంది, 95 దగ్గర మీ సాఫ్టువేరే పంపు ఆపేస్తుంది, మళ్ళీ ఈ స్విచ్చెందుకండీ?" అన్నారు. మా సేల్సాయన రెప్పవెయ్యకుండా "కరెక్టే సార్, అది సాఫ్టువేర్లో కవరైపోతుంది" అనేశాడు. గేజీ ఇరుక్కుంటే సాఫ్టువేరుకి కనబడేదీ ఆ ఇరుక్కున్న అంకేనండీ అని నేనంటే, పెళ్ళిలో తుమ్మినవాణ్ణి చూసినట్టు చూశారు. లైను కొట్టేశారు. బయటికొచ్చాక వాళ్ళ ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, ముసలాయన, నాతో అన్నాడు: "మీ గేజీ ఏం చెప్పినా మేం డిప్ టేపు వేసి చూసుకుంటాం తమ్ముడూ." ఆయన రిటైరైతే ఆ టేపు ఎవరు వేస్తారన్నది ఏ కొటేషన్లోనూ లేదు.

ఒకే కంటితో చూసి మూడుచోట్ల అలారం పెడితే మూడు రక్షణలైనట్టు కాదు. కన్నొకటే. ఇది మన వాళ్ళకి తెలీదా? డేటాబేసుకి బ్యాకప్ అదే డిస్కు మీద పెడితే ఇంటర్వ్యూలోనే పంపించేస్తాం. ట్యాంకు దగ్గరికొచ్చేసరికి ఆ తెలివంతా ఏమైపోతుందో!

మన గడప దగ్గరికే వస్తా. 2020 మే 7, విశాఖపట్నం, ఆర్.ఆర్.వెంకటాపురం. ఎల్జీ పాలిమర్స్‌లో ఎం6 ట్యాంకు. లాక్‌డౌన్ వల్ల ప్లాంటు మూసి ఉంది. మూసి ఉంటే ప్రమాదమేంటి అనుకుంటాం, కానీ స్టైరీన్ ఊరికే ఉండే సరుకు కాదు. దానంతటది గొలుసుకట్టి పాలిమరవుతుంది, అవుతూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి ఇంకా జోరుగా అవుతుంది. దాన్ని చల్లగా ఉంచాలి, టీబీసీ అనే మందు కలుపుతుండాలి, ఆ మందు పనిచెయ్యాలంటే ద్రవంలో ఆక్సిజన్ కరిగి ఉండాలి. తెల్లవారుజామున ఆవిరి ఊరిమీద పడింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు.

నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ జులైలో నివేదిక ఇచ్చింది. సాఫ్టువేరోళ్ళందరూ చదవాల్సిన నివేదిక అది. ఉష్ణోగ్రత సెన్సారు ట్యాంకు అడుగున ఉంది. మధ్యలో లేదు, పైన లేదు. 2019 డిసెంబరులో పైపుల్లో చేసిన ఒక మార్పు వల్ల లోపలి ద్రవం పైకీ కిందికీ సరిగ్గా కలవడం మానేసింది. దాంతో అడుగు చల్లగా, పైపొర వేడిగా తయారైంది. చల్లబరిచే యంత్రాల్ని సాయంత్రమయ్యేసరికి ఆపేస్తున్నారు. టీబీసీ సరిపడా నిల్వ లేదు. పైన పొర కాగుతుంటే కింది సెన్సారు తనకి తెలిసిన నిజం తను చెప్పింది. నాలుగు సర్వర్లున్నచోట బాగున్న ఒక్కదాన్నే పింగ్ చేసి "ఆల్ ఓకే" అని రాసుకున్నట్టు. ప్లాంటులో 36 చోట్ల నుంచి సైరన్ నొక్కే వీలుంది. ఒక్కచోటా నొక్కలేదు.

ఇలాంటివి జరిగినప్పుడల్లా మనకి "మానవ తప్పిదం" అని ఒక తాయెత్తు ఉంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడి మెడకి కట్టేస్తే సరిపోతుంది. సెన్సారు అడుగునే చాలని గీసినది కూడా మనిషే కదా? పైపు మారుస్తూ "దీనివల్ల ఇంకేం మారుతుంది?" అని అడగనిది కూడా మనుషులే కదా? వాళ్ళు పగలు పూట, ఏసీ గదిలో, టీ తాగుతూ చేశారు. కాబట్టి అది తప్పిదం కాదు, "డిజైన్ డెసిషన్". 1997 సెప్టెంబరు 14న అదే విశాఖలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ కారి, పేలి, 50 మందికి పైగా చనిపోయారు. ఆ ఊరు అప్పుడే నేర్చుకోవాల్సింది. మనకి దగ్గర్లో, షాద్‌నగర్ పక్కన బూర్గులలో, 2024 జూన్ 28న గాజు ఫ్యాక్టరీలో పేలుడుకి కనీసం ఐదుగురు కార్మికులు పోయారు. రెండ్రోజులు టీవీలో వచ్చింది. తర్వాత మళ్ళీ గజం ధరే.

"అయితే సాఫ్టువేరే వద్దంటావా?" అని మీదపడకండి. పంపు తిరుగుతోంది, వాల్వు తెరిచి ఉంది, పది నిమిషాలుగా లెవెలు మిల్లీమీటరు కదల్లేదు. ఇది గమనించి అరవడానికి ఐదు లైన్ల కోడు చాలు, ఏఐ అక్కర్లేదు. బన్స్‌ఫీల్డులో ఆ ఐదు లైన్లుండి ఉంటే పొంగేలోపు రెండున్నర గంటల టైముండేది. రాయండి, తప్పకుండా రాయండి. కానీ అది విడి స్విచ్చి పైన, వెంటు పైన, డైకు పైన అదనంగా ఉండాలి. వాటిల్లో ఒకదాన్ని పీకి, ఆ డబ్బుతో మన లైసెన్సు కొనమని చెప్పే హక్కు మనకి లేదు. "సేఫ్టీ" అన్న మాట మానిటరింగు వాళ్ళ బ్రోచర్లోంచి తీసెయ్యాలి. మానిటరింగంటే చూడటం. చూడటం వల్ల ఏ వాల్వూ మూసుకోదు.

భోపాల్ తర్వాత, 1989లో, ప్రమాదకర రసాయనాల నిబంధనలొచ్చాయి. ఒక పరిమితి దాటి నిలవ ఉంచేచోట, ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో గేటు బయట ఉండేవాళ్ళకి ముందే తెలియజెయ్యాలని అందులో ఉంది. ఊరికి సంబంధించిన ఆఫ్‌సైట్ ప్లాను ఉండాలనీ, ఏడాదికోసారైనా దాని రిహార్సలు జరగాలనీ కూడా ఉంది. నేనిక్కడ ఇన్నేళ్ళుగా ఉంటున్నా. ఒక్క కరపత్రం నా గుమ్మంలోకి రాలేదు. మా అపార్టుమెంటులో ఏ సైరన్‌కి ఏ దిక్కుకి పరిగెత్తాలో వాచ్‌మన్‌కీ తెలీదు, అసోసియేషన్ ప్రెసిడెంటుగారికీ తెలీదు.

అందుకని ఈ వారం రంగారెడ్డి జిల్లా కలెక్టరాఫీసుకి సమాచారహక్కు కింద మూడు ప్రశ్నలు పంపుతున్నాను. శంషాబాద్, కొత్తూరు, నందిగామ మండలాల్లో ఆ నిబంధనల కిందికొచ్చే నిల్వలు ఎక్కడెక్కడున్నాయి? చివరి ఆఫ్‌సైట్ రిహార్సలు ఏ తేదీన, ఏ ఊళ్ళో జరిగింది? చుట్టుపక్కల జనానికి ఏ కాగితం, ఏ భాషలో పంచారు? జవాబొస్తే ఇక్కడే పెడతాను. మీది చర్లపల్లి వైపైనా, పటాన్‌చెరు వైపైనా, మండలాల పేర్లు మార్చి ఇవే ప్రశ్నలు వాడుకోండి.