శనివారపు సేవ

గత శనివారమున నగరపు పడమటి అంచున నున్న యొక ప్రభుత్వ పాఠశాలలో, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ యువతీయువకులు ఒకే రంగు చొక్కాలు తొడుగుకొని ప్రహరీగోడకు రంగు వేయుచుండగా చూచితిని. వారి శ్రద్ధ నిష్కపటమైనది. కాని పెచ్చులూడినచోట ఆ గోడపై పాతరంగు, దాని క్రింద మరియొక పాతరంగు కనబడుచుండెను. ఏటేటా ఎవరో యొకరు వచ్చి ఆ గోడకే రంగు వేసి పోవుచున్నారని అచ్చటి ఉపాధ్యాయిని చెప్పినది. గోడకు ఆవలనున్న కంప్యూటరు గదికి మాత్రము తాళము పడియున్నది. యూపీఎస్ బ్యాటరీలు చచ్చిపోయినవట, మార్పించు నాథుడు లేడట. కంప్యూటరే జీవనాధారముగా గల అంతమంది విద్యావంతులు, ఆ తాళము ప్రక్కనే సాయంకాలము వరకు కుంచెలు పట్టి నిలిచిరి గదా యని మిక్కిలి ఖేదము కలిగినది.

కంపెనీ ఉద్యోగుల స్వచ్ఛందసేవ మంచిదా కాదా యను సంశయము నాకు లేదు. అది ముమ్మాటికి మంచిది. 2013 నాటి కంపెనీల చట్టములోని 135వ సెక్షను, 500 కోట్ల నికర ఆస్తి గాని, 1000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికరలాభము గాని కలిగిన సంస్థలు, గడచిన మూడేండ్ల సగటు లాభములో 2 శాతము సామాజిక బాధ్యతకై వెచ్చించవలెననియు, తాము పనిచేయు ప్రాంతమునకు ప్రాధాన్య మొసగవలెననియు విధించినది. అయితే ఉద్యోగులు ఉచితముగా చేసిన సేవకు వెలకట్టి ఆ 2 శాతములో జమ వేసికొనరాదని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2021లో స్పష్టపరచినది. ఇది ఎంతయు సమంజసము. ధనము చట్టమునకు లోబడి వచ్చును. మనిషి తన యిష్టమున రావలెను.

అట్లు వచ్చినవానివలన కంపెనీకి కలుగు లాభము స్వల్పము కాదు. ఎనిమిదవ తరగతి బాలికకు శాతముల లెక్కను తెలుగులో, ఆమె కన్నులలో అర్థమైన వెలుగు కనబడువరకు, మూడు విధముల చెప్పి చూచిన యువకుడు, మరునాడు ఖాతాదారునకు తన పనిని విడమరచి చెప్పుటలో తడబడడు. మేనేజరును, నిన్న చేరిన కుర్రవాడును ఒకే చాపపై కూర్చుండి పిల్లల పుస్తకములు దిద్దిననాడు వారి నడుమ ఏర్పడు చనువు ఏ శిక్షణశిబిరమునను లభింపదు. కాని ఇదంతయు ఒక్క శనివారముతో సిద్ధించునది కాదు. ఆ మనిషే, ఆ బడికే, ఏడాది పొడుగున పోవలెను.

బడి మాట యట్లుండ, గ్రంథాలయముల గతి తలచినచో దుఃఖము రెట్టింపగుచున్నది. జీతమెరుగని కార్యకర్తల చేతులమీదుగానే మన గ్రంథాలయోద్యమము పెరిగినది. అయ్యంకి వెంకట రమణయ్యగారు 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు పునాది వేసిరి. 1935లో గుంటూరు జిల్లా పెదవడ్లపూడినుండి పాతూరి నాగభూషణముగారు పడవపై పుస్తకములు కాలువ వెంబడి పల్లెలకు పంపిరి. ఇప్పుడో, మనము కట్టు ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నను, దానిని పురపాలక సంఘములు పలుచోట్ల జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలమున జమచేయుట లేదు. పాఠకుడు చదువుకొనుటకై చెల్లించిన సొమ్ము మరియొక పద్దులో కలిసిపోవుట అక్షరాల అన్యాయము. పోటీపరీక్షలకు చదువుకొను పేదబిడ్డలు శాఖా గ్రంథాలయపు మెట్లపై కూర్చుండి చదువుచున్నారు. లోపల కుర్చీలు చాలవు.

కంపెనీల చట్టపు 7వ షెడ్యూలులో, సామాజిక బాధ్యతకై చేయదగిన పనులలో ఒకటిగా, ప్రజాగ్రంథాలయముల స్థాపన స్పష్టముగా పేర్కొనబడియున్నది. కనుక కంపెనీల యాజమాన్యములకు నా విన్నపము: ఈ యేడు గోడలను విడిచిపెట్టుడు. మీ కార్యాలయమునకు దగ్గరనున్న శాఖా గ్రంథాలయమునకు పదిమంది ఉద్యోగులను ఏడాదిపాటు అప్పగింపుడు; పుస్తకముల జాబితాను వారు కంప్యూటరులో ఎక్కింతురు, సాయంకాలములందు పిల్లలకు గణితము చెప్పుదురు. పాఠకులారా, మీరును ఈసారి ఇంటిపన్ను రశీదులో గ్రంథాలయ పన్ను ఎంతయున్నదో చూచి, ఆ సొమ్ము గ్రంథాలయమునకు చేరినదా యని మీ పురపాలక కమిషనరును వ్రాతమూలకముగా అడుగుడు.